కెప్టెన్‌ని కూర్చోబెట్టిన సాయంత్రం

మేష్టారూ,

మీరు పోయి ఈరోజుకు ఏడాది. బతికున్నప్పుడే మీకు "ఏటి" అన్న మాట తప్ప తెలుగు రాదు. అయినా ఇది తెలుగులోనే రాస్తున్నాను.

మీ అమెరికాలో ముందు హైస్కూలు పిల్లలకూ, తర్వాత కాలేజీ జట్లకూ మీరు నేర్పింది కోడిగుడ్డులాంటి బంతితో ఆడే ఫుట్‌బాల్. రంగూన్‌లో మా స్కూలుకొచ్చాక మా గుండ్రటి బంతి ఆట మా దగ్గరే నేర్చుకున్నారు. మరిచిపోయి బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తేవారు. వానాకాలం బురదలో జారిపడితే అందరికంటే ముందు మీరే నవ్వేవారు. ఎదుటి జట్టువాడు పడితే మాత్రం మమ్మల్ని నవ్వనిచ్చేవారు కాదు.

ఇప్పుడు మన స్కూలు జట్టుకు నేను కోచ్‌ని. ఈ సాయంత్రం ఊళ్లోనే ఉన్న చిమిండైంగ్ పేట జట్టుతో ఫైనల్ ఆడాం. ఆట సమంగా ఉండగా వాళ్ల గోల్‌కీపర్, ఒక బర్మా కుర్రాడు, కాలు మెలిపడి కూలబడ్డాడు. మా కెప్టెన్ అప్పన్న వాడిలా కుంటి చూపించి జనాన్ని నవ్వించాడు. నేను అప్పన్నను బయటికి పిలిచి కూర్చోబెట్టాను.

అప్పన్న నాన్న, రేవులో మూటలు మోసేవాడు, నా దగ్గరికొచ్చాడు.

"ఏటి మేష్టారూ, గెలిసే ఆటలో మావోణ్ని కూకోబెట్టీసినారు?"

"మా మేష్టారున్నా ఇదే చేసేవారు," అన్నాను.

ఓడిపోయాం. అప్పన్న లేచాడు. తిన్నగా వెళ్లి ఆ గోల్‌కీపర్‌ని వీపున ఎక్కించుకుని ట్రాం దగ్గరికి బయల్దేరాడు. వాళ్ల నాన్న కాసేపు చూశాడు. తర్వాత ఆ కుర్రాడి చెప్పులు ఏరుకుని వెంట నడిచాడు.

"మెల్లిగా ఒరే, ఆడి కాలు నొప్పెడతాది," అంటున్నాడు.