నడినెత్తి సూర్యుడు

హిందూపురం,
6 జులై.

ప్రియమైన అక్కకు,

ప్రవీణ్ నమస్కారాలు. నేను బాగున్నాను. మా హాస్టల్ వార్డెన్ అందరి ఫోన్లూ గుంజుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. అందుకే ఈ ఉత్తరం. ఎలాగూ ఫోన్లో నేను 'ఊ' తప్ప ఏమీ అననని తిడుతుంటావు కదా.

మాకు కొత్త పీడ ఒకటి పట్టుకుంది. బీకాం వాళ్లం కదా మేము, ఈ సెమిస్టర్‌లో బయటి సబ్జెక్టు ఒకటి చదవాలట. యోగాలో సీట్లు నిండిపోయాయి. మిగిలింది ఖగోళశాస్త్ర పరిచయం. శుక్రుడికి చంద్రుడు లేకపోతే నాకేం నష్టమక్కా? జీఎస్టీ ఏమైనా తగ్గుతుందా? నా రూమ్మేట్ కుళ్లాయప్ప, తనకల్లు వాడు, మొదటి రోజే అన్నాడు: "ఏమప్పా, చుక్కలు లెక్కబెడితే బ్యాంకులో ఉద్యోగమిస్తారా?"

సార్ పేరు సుబ్బరాయుడు. ఆయన బోర్డుకు పాఠం చెప్తాడు, మేము వెనక కూర్చుని ఆయన వీపు చూస్తాం. కోపం రాదు, నవ్వు రాదు, ఎవరు లేచిపోయినా పట్టించుకోడు. కానీ ప్రతి శనివారం క్విజ్ మాత్రం తప్పదు. వారం ముందే ప్రశ్నలు ఇచ్చి చదువుకుని రమ్మంటాడు. జవాబు టిక్కు పెట్టి, ఎందుకో ఒక వాక్యం రాయాలి. ఇంటర్నల్ మార్కులన్నీ ఈ క్విజ్‌లవే.

మొదటి దాంట్లో పదికి రెండు వచ్చాయి. చంద్రుడు తగ్గడానికి భూమి నీడ కారణమని రాశాను. తప్పట. నువ్వు సైన్స్ టీచరువి కాబట్టి ఈ వారం ప్రశ్నలు కూడా పంపుతున్నాను. త్వరగా రాయి.

ఇట్లు,
పరువు పోయిన నీ తమ్ముడు ప్రవీణ్.


పెనుకొండ,
9 జులై.

ప్రియమైన తమ్ముడు ప్రవీణ్‌కు,

ఉత్తరం అందింది. రెండు మార్కులా? కళ్లు మూసుకుని టిక్కులు పెట్టినా అంతకంటే ఎక్కువ వస్తాయి. అంటే నువ్వు ఆలోచించి మరీ తప్పులు రాశావన్నమాట. సంతోషం.

చంద్రుడి సంగతి. మీ మెస్సులో రాగి సంగటి పెడతారు కదా. మింగడమే కాకుండా దానితో వేరే పని కూడా చేయవచ్చు. ఒక ముద్ద చేత్తో ముఖం ముందు పట్టుకుని బల్బుకు ఎదురుగా నిలబడు. నీ వైపంతా చీకటి. అది అమావాస్య. అలాగే పట్టుకుని మెల్లగా ఎడమకు తిరుగు. కుడి అంచున సన్నటి వెలుగు కనిపిస్తుంది, నెలవంక. బల్బుకు పూర్తిగా వీపు తిప్పి ముద్దను తలకంటే కాస్త ఎత్తున పట్టుకుంటే నిండుగా వెలుగుతుంది. అది పౌర్ణమి. భూమి నీడ పడితే దాన్ని గ్రహణమంటారు. ఇది మా ఎనిమిదో తరగతి పిల్లలకు తెలుసు. తమరు డిగ్రీ.

మీ సార్ గురించి చదివి నవ్వొచ్చింది. బోర్డుకు పాఠం చెప్పే మనిషికి జీతం దేనికి, ఆ బోర్డుకే ఇస్తే సరిపోతుంది. అట్లాంటి వాళ్లు ఎవరో రాసింది బట్టీ పట్టి, ఇంకొకరి చేత బట్టీ పట్టిస్తారు. చిలకలు చిలకలకు చెప్పే చదువు. నువ్వు అందులో చేరకు.

ఆదివారం మన ఊరికి, తాడిమర్రికి పోయివచ్చాను. ధర్మవరంలో బస్సు మారేసరికి ప్రాణం పోయింది. నాయన గొర్రెలు తోలుకుపోతూ ఆగి అడిగాడు.

"వాడు ఏం చదువుతాండాడమ్మా?"

"చుక్కల గురించి నాయనా."

"చుక్కలా? వాన ఎప్పుడొస్తాదో ఏమన్నా చెప్తాడా?"

"వాడి మార్కులు ఎప్పుడొస్తాయో వాడికే తెలీదు" అన్నాను.

మిగతా జవాబులు వెనక పేజీలో ఉన్నాయి. చదివి అర్థం చేసుకో. అర్థం కాకపోతే ఎవరికీ చెప్పకు, నా తమ్ముడివని తెలుస్తుంది.

నీ అక్క,
సుజాత.


హిందూపురం,
27 జులై.

ప్రియమైన అక్కకు,

తొమ్మిది! పదికి తొమ్మిది వచ్చాయి. ఆ తర్వాతి వారం ఎనిమిది. సుబ్బరాయుడు సార్ నా పేపర్ రెండుసార్లు చూసి "బాగుండాదప్పా" అన్నాడు. ఆయన నోట్లోంచి బోర్డుకు కాకుండా మనిషికి వచ్చిన మొదటి మాట అదే.

సంగటి ముద్ద పట్టుకుని బల్బు కింద గిరగిరా తిరిగాము. వంటాయన గరిటె పట్టుకుని వచ్చాడు. "తినేదానితో ఆటలేందిరా?" అని కుళ్లాయప్పకు ఒకటి తగిలించాడు. అయినా వాడికి అర్థమైంది. నీ ఉత్తరం జిరాక్స్ తీయించుకున్నాడు. వాడి దగ్గర ఇంకొకడు, వాడి దగ్గర మరొకడు. ఇప్పుడు క్లాసంతా 'అక్క నోట్స్' కోసం ఎదురు చూస్తున్నారు. నువ్వు నన్ను తిట్టిన చోట్లు పైకి చదువుకుని మరీ నవ్వుతున్నారు. పోనీలే, మార్కులు వస్తున్నాయి.

ఈ వారం ప్రశ్నల్లో ఒకటి తికమకగా ఉంది. హిందూపురంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వచ్చేది ఎప్పుడు? ప్రతి మధ్యాహ్నమా, జూన్‌లో ఒక్క రోజా, ఏడాదికి రెండు రోజులా, ఎప్పటికీ రాడా? కుళ్లాయప్ప ప్రతి మధ్యాహ్నమూ అంటాడు. "ఈ ఎండకు నెత్తిమీద కాక యాడుంటాడు?" అని వాడి వాదన. నువ్వు చెప్పు.

ఇట్లు,
తొమ్మిది మార్కుల తమ్ముడు ప్రవీణ్.


పెనుకొండ,
30 జులై.

ప్రియమైన ప్రవీణ్‌కు,

క్లాసంతా నా ఉత్తరాలు చదువుతోందా? మరి మీ సార్ దేనికి? ఆయన్ను ఇంటికి పంపి నాకు జీతం ఇవ్వమను.

మీ కుళ్లాయప్పకు చెమట పడితే సూర్యుడు నెత్తిమీద ఉన్నట్టే. అట్లాంటి వాళ్లు లక్షల్లో ఉన్నారు. సూర్యుడు నిట్టనిలువుగా పైకి వచ్చేది కర్కట రేఖ మీద, అదీ జూన్ ఇరవై ఒకటిన. కర్కట రేఖ మధ్యప్రదేశ్ మీదుగా పోతుంది. మనం దానికి దిగువన ఎంతో దూరంలో ఉన్నాం. ఆ రేఖే మన దగ్గరికి రానప్పుడు నడినెత్తి సూర్యుడు ఎక్కణ్నించి వస్తాడు? ఎప్పటికీ రాడు. ఈ మాట కింద గీత గీశాను, చూసుకో. కారణం కూడా ఇదే రాయండి, క్లాసు మొత్తం. దీనికి అట్లాస్ కూడా తెరవక్కర్లేదు, ఆరో తరగతి జ్ఞాపకం ఉంటే చాలు. ఏడాదికి రెండు రోజులట! ఆ మాట మీ సార్ ఎక్కడ పుట్టించాడో. ఏదో ఒకటి వేయాలి కదా అని వేసి ఉంటాడు. ఆయనకు మాత్రం ఏం తెలుసు పాపం.

నీ అక్క,
సుజాత.


హిందూపురం,
4 ఆగస్టు.

అక్కకు,

శనివారం క్విజ్‌లో క్లాసు మొత్తం 'ఎప్పటికీ రాడు' అని టిక్కు పెట్టాము. క్లాసు మొత్తం ఒకే వాక్యం రాశాము. 'ఆ రేఖే మన దగ్గరికి రానప్పుడు' అని మొదలయ్యే వాక్యం. కుళ్లాయప్ప అయితే 'గీత గీశాను చూసుకో' అని కూడా రాసి పెట్టాడు.

ఈ రోజు సార్ క్లాసుకు వచ్చి మొదటిసారి బోర్డు వైపు తిరగలేదు. చేతిలో జిరాక్స్ కాగితాలు. ఎవరో బెంచీలో వదిలేసినవి.

"ప్రవీణ్, ఈడికి రాప్పా. ఇది ఎవురు రాసింది?"

"మా అక్క సార్."

"ఏం చేస్తాది?"

"పెనుకొండలో సైన్స్ టీచర్ సార్."

ఆయన పైకి చదవడం మొదలుపెట్టాడు. జీతం బోర్డుకే ఇమ్మన్నది చదివాడు. చిలకల సంగతి చదివాడు. 'ఏం తెలుసు పాపం' కూడా వదలకుండా చదివాడు. ఒక్కరూ నవ్వలేదు.

"చంద్రుడి గురించి నాకంటే బాగా చెప్పినాది మీ అక్క. ఆ సంగటి ముద్ద నాకు తోచలేదు. సూర్యుడి గురించి మాత్రం తప్పు చెప్పినాది" అన్నాడు. "హిందూపురం నుంచి ధర్మవరం పొయ్యే రైలు పెనుకొండ మీదుగా పోదా? తిరిగొచ్చేటప్పుడు మళ్లీ పెనుకొండ తగలదా? సూర్యుడూ అంతే. భూమధ్యరేఖ కాడి నుంచి కర్కట రేఖకు పొయ్యేటప్పుడు ఒకసారి, దిగొచ్చేటప్పుడు ఒకసారి మన నెత్తిమీదుగానే పోతాడు. ఆ రోజు నిలబెట్టిన కట్టెకు నీడ ఉండదు. ఈ నెలలోనే ఉండాది. పెనుకొండలో పదైదో తేదీ, మనకు ఆ మరుసటి దినం."

ఆ క్విజ్ అందరికీ సున్నా వేశాడు. తప్పు రాసినందుకు కాదట, చూడనందుకట. ఇరవై మూడో తేదీ మళ్లీ పెడతాడు. ఇప్పుడు క్లాసులో ఎవడూ నాతో మాట్లాడటం లేదు.

అక్కా, ఒక మాట. నువ్వు రోజూ ఎండలోనే బడికి పోతావు. ఎన్ని ఆగస్టులు అట్లా పోయావు? ఒక్కసారైనా నీ నీడ వైపు చూశావా? చూడకుండానే గీత గీసి మరీ రాశావు. ఎవరో రాసింది బట్టీ పట్టి ఇంకొకరి చేత బట్టీ పట్టించడం అంటే ఇదే కదా. చిలక అనే మాట నాది కాదు, నీదే.

ప్రవీణ్.


పెనుకొండ,
7 ఆగస్టు.

ప్రవీణ్‌కు,

నోరు బాగా లేచింది. రైళ్ల ఉదాహరణలతో సైన్స్ నేర్చుకునే వాళ్లతో నేను వాదించను. మీ సార్ మాట వేదమైతే ఇక నాకెందుకు రాయడం? కట్టె నిలబెట్టి దాని చుట్టూ కూర్చోండి, అందరూ కలిసి. నాకు వేరే పనులున్నాయి.

సుజాత.


పెనుకొండ,
19 ఆగస్టు.

ప్రియమైన ప్రవీణ్‌కు,

నువ్వు జవాబు రాయలేదు. రాయవని తెలుసు. ఆ ఉత్తరానికి నేనైనా రాయను.

పదిహేనో తేదీ జెండా ఎగరేశాం. పిల్లలు మిఠాయిలు తిని ఇళ్లకు పోయారు. టీచర్లూ పోయారు. నేను స్టాఫ్ రూములో పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు కూర్చున్నాను. నిజానికి ఒక్క పేపరూ దిద్దలేదు. మబ్బు పట్టి ఉంది. మబ్బు అలాగే ఉండాలని కోరుకున్నాను, అది నిజం. పన్నెండు దాటాక ఎండ కాసింది.

జెండా కొయ్య దగ్గరికి పోయాను. పడమటి వైపు సన్నగా జానెడు నీడ ఉంది. 'ఇదిగో, ఉందిగా' అనుకున్నాను. మీ సార్‌కు రాయాల్సిన మాటలు కూడా మనసులో సిద్ధం చేసుకున్నాను, చాలా చురుకైన మాటలు. చూస్తుండగానే అది బెత్తెడయింది. పన్నెండున్నర కావస్తుంటే సిమెంటు దిమ్మెలోకి ఇంకిపోయినట్టు మాయమైంది. పైన జెండా ఆడుతోంటే దాని నీడ దిమ్మె పక్కన ఆడుతోంది. కొయ్యకు మాత్రం నీడ లేదు. నా కాళ్ల వైపు చూసుకున్నాను. నా నీడ నా చెప్పుల చుట్టూ ముడుచుకుని ఉంది.

ఆయా యల్లక్క గది తాళాలు వేస్తూ కేకేసింది. "ఏం మేడమ్, ఎండలో ఆడ ఏం ఎతుకుతాండారు?"

"ఏం లేదు యల్లక్కా, చూస్తాండా" అన్నాను. కాసేపటికి మళ్లీ నీడ వచ్చింది, ఈసారి తూర్పు వైపు.

మీ సార్‌కు వేరే ఉత్తరం రాశాను. అందులో ఏముందో నీకు అనవసరం.

అసలు చెప్పాల్సింది ఇది కాదు. నిన్న సోమవారం తొమ్మిదో తరగతిలో ఈ సంగతంతా చెప్పాను. నేను తప్పు చెప్పానని, అందువల్ల ఒక క్లాసు మొత్తానికి సున్నాలు వచ్చాయని. మా క్లాసు ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉంటుంది. నేను అడిగితే తప్ప ఎవరూ మాట్లాడరు. పాఠం బాగా అర్థమవుతోంది కాబట్టే డౌట్లు లేవని హెడ్మాస్టర్‌తో కూడా గొప్పగా చెప్పుకున్నాను.

భాగ్య అని ఒక పిల్ల లేచింది. ఏడాదికి పైగా నా దగ్గర చదువుతోంది, దాని గొంతు ఎలా ఉంటుందో నాకు సరిగ్గా తెలీదు. "మేడమ్, చందమామ పగలు కూడా కనిపిస్తాడు కదా. పగలు చీకటి లేదు కదా మేడమ్, ఎట్లా కనిపిస్తాడు?"

మంచి ప్రశ్న. చెప్పాను. చెప్పాక అడిగాను, "ఈ డౌటు ఎప్పట్నించే నీకు?"

"పోయినేడు మీరు చంద్రుడి పాఠం చెప్పినప్పట్నించి మేడమ్."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

అది పక్కనున్న పిల్ల వైపు చూసింది. తర్వాత నేల చూసింది. "మీరు నవ్వుతారని" అంది.

ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత బెల్లు కొట్టేదాకా ఒకరి తర్వాత ఒకరు లేచారు. కొన్ని తెలివైన ప్రశ్నలు, కొన్ని తెలివితక్కువ ప్రశ్నలు. ఏడాదికి పైగా లోపలే దాచిపెట్టుకున్నవి. రెండింటికి నాకు జవాబు తెలియలేదు. చూసి చెప్తానన్నాను. ఆ మాట ఆ గదిలో నేను అనడం అదే మొదలు.

శనివారం నీ క్విజ్. ప్రశ్నలు నాకు పంపొద్దు. ఈసారి నీ జవాబులు నువ్వే రాయి. ఎన్ని వస్తే అన్ని.

ఇంకొకటి. నీకు నేను అక్షరాలు నేర్పాను, లెక్కలు నేర్పాను, ఎనిమిదో ఎక్కం రాకపోతే ఇంటికొచ్చిన వాళ్లందరి ముందూ వెక్కిరించాను. ఫోన్లో నువ్వు 'ఊ' తప్ప ఏమీ అనవని ఇన్నాళ్లూ నిన్నే తిట్టాను. ఇన్నేళ్లలో నన్ను ఏమేం అడగాలనుకుని ఊరుకున్నావు ప్రవీణ్? చుక్కల గురించే కానక్కర్లేదు. అన్నీ రాయి.

నవ్వను.

నీ సుజాతక్క.