కిటికీలో కుక్కిన చీర

లతా,

ముందు లేచి కిటికీ తెరువు. కుంపటి వాకిట్లో పెట్టి వచ్చి, తర్వాత చదువు.

పొద్దుటి నుంచి నీ ఫోను కలవడం లేదు. మా మరిది పరమేశ్‌ను బండి మీద గౌడవెల్లి పంపుతున్నాను. అతను చెబితే నువ్వు నవ్వి ఊరుకుంటావు, అందుకే రాస్తున్నాను.

బాలింత గదిలో వేడి నిలవాలంటే తలుపు మూసి, కిటికీ సందుల్లో పాత చీర కుక్కమని, బొగ్గులు సగమే పడతాయని నీకు చెప్పింది నేనే. అరిగిన సబ్బు ముక్కలు అతికించి వాడినట్టే ఇదీ నా తెలివే అని మురిసిపోయాను. మా అత్తమ్మ గదిలోనూ అలాగే చేశాను. ఈ పొద్దున ఎంత పిలిచినా ఆమె లేవలేదు. మేడ్చల్ ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు.

"పొగ లేకున్నా నిప్పులల్లకెల్లి విషగాలి వస్తదమ్మా. గట్ల గది మూస్తరా ఎవరన్న?" అని డాక్టరు కోప్పడ్డాడు.

ఆమె ఇంకా కళ్లు తెరవలేదు. బొగ్గుల బస్తా మాత్రం సగానికి పైగా మిగిలింది.

పాపకింకా పేరు కూడా పెట్టలేదు. దాన్ని ఎత్తుకుని బయటికొచ్చి పరమేశ్‌కు చూపించు. నీ కిటికీలోని చీర అతని చేతికిచ్చి పంపు. అది వచ్చేదాకా ఆసుపత్రి గేటు దగ్గరే నిలబడి ఉంటాను.

అక్క