ప్లగ్గుకి వేసిన టేపు

ప్రియమైన మా ఆయనకి,

కొండ మీద చలి ఎలా ఉంది? అక్కడి ఫోనుని టవరు పనికి తప్ప ఇంకెందుకూ ముట్టుకోకూడదన్నారు కాబట్టి వారానికోసారి వచ్చే సరుకుల వ్యాను మీదే మన కాపురం నడుస్తోంది.

మీ చెల్లికి కళ్లద్దాలు చేసే లైసెన్సు కోసం నోటి పరీక్ష వచ్చే నెల ఇరవయ్యో తారీఖు మధ్యాహ్నం. ఇదే ఆఖరి అవకాశమని కాగితంలో స్పష్టంగా రాశారు. ఈసారీ పోతే జీవితాంతం ఎవరి దుకాణంలోనో అద్దాలు తుడుచుకుంటూ ఉండాల్సిందే. చెవులు వినపడని పిల్ల, ముగ్గురు పరీక్షకులు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుతుంటే ఎవరి పెదాలని చూస్తుంది? నిరుడులాగే నేను పక్కన కూర్చుని వాళ్లన్న ప్రతి మాటా ల్యాప్‌టాప్‌లో టైపు చేస్తాను, తను తెర చూసి జవాబు చెబుతుంది. ఆ గదిలో నేల మీద వైర్లు పాకకూడదట, అదీ నిరుటిలాగే. అంతా బ్యాటరీ మీదే.

నిరుడు ముప్పై అయిదో నిమిషంలో తెర ఆరిపోయాక తను నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఇంటికొచ్చాక మీరు "నువ్వు సరిగ్గా ఛార్జింగు పెట్టి ఉండవు" అన్నారు. నేను పెట్టానండీ. అయినా నోరెత్తలేదు.

నిన్న ప్లగ్గు పీకి చూశాను. నిండుగా నూరు శాతం చూపించింది, పదకొండు నిమిషాల్లో ఆరిపోయింది. ఏం చెయ్యమంటారు?

మీ జవాబు కోసం వ్యాను దారి చూస్తూ,
మీ ఇల్లాలు

*

ప్రియమైన టైపు రాణీ,

ఏంటీ, ప్లగ్గు పీకావా? ఎవరూ ముట్టుకోకూడదనే కదా రెండేళ్ల కిందట దాన్ని గోడకి టేపు వేసి మరీ అంటించాను! పైన "తీయరాదు" అని కూడా రాశాను. రాత బాగోలేదన్నావు గానీ చదివావు కదా?

చూడు, ఇరవై రెండేళ్లుగా నేను బ్యాటరీలతోనే కాపురం చేస్తున్నాను. ఇక్కడ నా గదిలో వరసగా నిలబడ్డ అరవై బ్యాటరీలూ ఎప్పుడూ నిండుగా ఉంటాయి. కరెంటు పోతే టవరంతా వాటి మీదే బతకాలి. ఒక్క రోజు తగ్గనిచ్చినా చెడిపోతాయి. బ్యాటరీని ఖాళీ కడుపుతో ఉంచకూడదు, అంతే. నువ్వు మళ్లీ ప్లగ్గు పెట్టి, టేపు వేసి, పరీక్ష దాకా ముట్టుకోకు. రోజూ నిండుతూ ఉంటే అదే సర్దుకుంటుంది.

చెల్లిని కంగారు పడొద్దను. నువ్వూ పడకు.

కొండ మీది నీ బ్యాటరీల కాపరి

*

ప్రియమైన కాపరి గారికి,

ఈ ఉత్తరం కూర్చుని చదవండి.

మీరు చెప్పినట్టే టేపు వేశాను. నాలుగో రోజుకి ల్యాప్‌టాప్ బల్ల మీద ఊగడం మొదలుపెట్టింది. మీటల కింద ఉండే మౌసు పలక పైకి లేచింది. మీ చెల్లే వేలితో నొక్కి చూసి, చెయ్యి పట్టుకుని నన్ను వీధి చివర రిపేరు షాపుకి లాక్కెళ్లింది. షాపు ఆవిడ అడుగు మూత తీసింది. లోపల బ్యాటరీ బూరెలా ఉబ్బి ఉంది.

"రాత్రీ పగలూ ప్లగ్గులోనే ఉంచారా?" అంది.

"మా ఆయన టేపు వేశారండీ."

"ఏం చేస్తుంటారాయన?"

"బ్యాటరీల పని."

ఆవిడ నవ్వు ఆపుకోలేక స్క్రూడ్రైవరు కింద పడేసుకుంది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆవిడ చెప్పిందేంటంటే, మీ గదిలోవి వేరే జాతట, వాటికి నిండుగా ఉండటమే ఆరోగ్యం. ల్యాప్‌టాప్ బ్యాటరీకి రోజుల తరబడి నూరు దగ్గరే ఉండటం, పైగా వేడి, రెండూ పడవట. ఎప్పుడూ కరెంటు మీద పని చేసేవాళ్లు ఎనభై దగ్గర ఆగిపోయేట్టు సెట్టింగు పెట్టుకోవాలి, గాలి ఆడేచోట ఉంచాలి, అప్పుడప్పుడూ ప్లగ్గు తీసి సగం దాకా దిగనివ్వాలి. ఇదంతా కొన్నప్పుడు ఇచ్చిన చిన్న పుస్తకంలోనే ఉంటుందట.

కొత్త బ్యాటరీ వేయించాను. ఎనభైకి కట్టేశాను. ఇక ఎవరు చెప్పినా దాటనివ్వను. ఎనభై మీద రెండు గంటల ఎనిమిది నిమిషాలు నడుస్తుందని లెక్క తేలింది. పరీక్ష గంటన్నరే.

ఒక్క మాట. నిరుడు ఆరిపోయింది నా వల్ల కాదు.

మీ ఇల్లాలు

*

ప్రియమైన నీకు,

రెండు వ్యాన్లు నా ఉత్తరం లేకుండానే కొండ దిగాయి. రాయక కాదు. మూడు రాసి చింపేశాను. మొదటిదాంట్లో ఆ షాపు ఆవిడతో వాదించాను. రెండోదాంట్లో ల్యాప్‌టాప్ కంపెనీని తిట్టాను. మూడోదాంట్లో వాతావరణం గురించి రాశాను.

ఆ చిన్న పుస్తకం నా పెట్టెలోనే ఉంది. కొన్నరోజే తెరిచాను. అక్షరాలు చీమల్లా కనిపించాయి. బ్యాటరీల గురించి నాకు ఇంకొకరు చెప్పేదేంటిలే అని మూసేశాను. నా చెల్లెలి ఏడాది నా టేపు వల్ల పోయింది. పైగా నిన్ను అన్నాను. నువ్వు ఏడాదంతా మోశావు. తప్పు నాది. ఈ మాట చెల్లికి నువ్వే చదివి వినిపించు... వినిపించడం కాదులే, చూపించు.

ఇక నా మాటకి విలువ లేదని తెలుసు, అయినా ఒక్కటి చెబుతాను. రోజూ ఎనభై సరే. ఆ ఒక్క రోజు మాత్రం ఎనభైతో వెళ్లకు. ఉదయమే ఆ కట్టు విప్పి నూరు నింపు. ఒక్క రోజుకి ఏమీ కాదు, ఈసారి అద్దాలు అరువు తెచ్చుకుని మరీ పుస్తకంలో చదివాను. పరీక్షలు చెప్పిన టైముకి ముగియవు. కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పినవాళ్లని నేనెప్పుడూ నమ్మలేదు, అందుకే నా టవరు ఇన్నేళ్లూ ఆగలేదు.

తలవంచుకుని,
నీ వాడు

*

ప్రియమైన మా ఆయనకి,

మీ ఉత్తరం సరిగ్గా ఇరవయ్యో తారీఖు ఉదయం వచ్చింది. చదివి ముందు కాసేపు ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది, మళ్లీ నూరంటారేంటని. ఎనభై దాటనివ్వనని ఒట్టు పెట్టుకున్నదాన్ని కదా! మీ చెల్లికి చూపించాను. తను మొత్తం చదివి, నా చేతిలోంచి ల్యాప్‌టాప్ లాక్కుని కట్టు విప్పి ప్లగ్గు పెట్టేసింది. "అన్నయ్య ఈసారి చదివి చెప్పాడు వదినా" అంది.

గంటన్నర పరీక్ష. ఒక పరీక్షకుడు ఆలస్యంగా వచ్చి, మొదటి నుంచీ మళ్లీ అడిగాడు. రెండు గంటలు దాటింది. నా వేళ్లు టైపు చేస్తున్నాయి గానీ కళ్లు తెర మూలనున్న ఛార్జింగు అంకె మీదే. రెండు గంటల ఎనిమిదో నిమిషం వచ్చింది. తెర వెలుగుతూనే ఉంది. ఆఖరి ప్రశ్న ఆ తర్వాతే వచ్చింది, నిరుడు తను అందుకోలేకపోయిన ప్రశ్నే. జవాబు పూర్తిగా చెప్పింది. బయటికొచ్చేసరికి ఇంకా పన్నెండు శాతం మిగిలింది.

లైసెన్సు వచ్చింది! నిన్ననే కాగితం అందింది.

గోడ మీది టేపు పీకేశాను. సున్నం కూడా ఊడొచ్చింది, వచ్చాక మీరే పూయాలి. నా గొంతులో ఏడాదిగా ఉన్న ముల్లు కూడా పోయింది, అది మీకు తెలియాలి.

మీ చెల్లి తన లైసెన్సు మీద మొట్టమొదటి కళ్లజోడు ఎవరికి చెయ్యాలో తేల్చేసింది. ఈ ఉత్తరంతో అక్షరాల పట్టీ పంపుతోంది. పెద్దవి పైన, చీమలంతవి కింద. చేయి చాచినంత దూరంలో పట్టుకుని, ఎన్నో వరస దాకా చదవగలిగారో నిజం రాయాలట. తెలిసినట్టు ఊహించి రాయొద్దట.

వ్యాను కోసం కాదు, మీకోసం ఎదురుచూస్తూ,
మీ ఇల్లాలు