విత్తనానికి దాచిన పల్లీలు

రాజమ్మా,

నువ్వు పోయాక ఇవే తొలి వానలు. ఎల్లారెడ్డి ఊరి బడి వెనక మడిలో ఏటా పిల్లలతో పల్లీలు విత్తించేదానివి. తినే తిండి ఎలా పుడుతుందో వాళ్ల చేతులతోనే తెలుసుకోవాలనేదానివి. ఈసారి ఆ పని నేను చేశాను. విత్తనానికి నువ్వు దాచిన పల్లీల్లో సగం తీసి విత్తించాను.

వాన పడ్డా ఒక్క మొలకా రాలేదు. చీమలు తిన్నాయేమోనని మట్టి తవ్వి చూస్తుంటే, మూడో తరగతి సాయవ్వ దగ్గరకొచ్చింది.

"మేమే తీస్కొని తిన్నం పంతులూ" అంది.

"ఎందుకు తిన్నరు? మొలిస్తె చానా కాసేటివి గద."

"యాడనో పెద్ద లడాయి నడుస్తుందని జొన్నల ధర పెరిగి పిరమైనయంట. మా అవ్వ పొద్దుగాల పొయ్యి ముట్టిస్తలేదు. కాసేదాంక ఎట్ల ఉండాలె?"

నాకు కోపం రాలేదు. తల వంచుకుని నిలబడ్డ మిగతా పిల్లల మొహాలు అప్పుడు సరిగ్గా చూశాను. నువ్వుంటే ఎప్పుడో చూసేదానివి.

మిగిలిన సగం ఇవాళ మన పెంక మీద వేయించి అందరికీ పంచాను. పొట్టు కూడా వదల్లేదు వాళ్లు. మడి ఖాళీగా ఉంది. వచ్చే ఏటికి విత్తనం లేదు. రేపు పాఠం ఏం చెప్పాలో తెలియడం లేదు.

నిన్ను అడగకుండా ఇంత పని చేయడం ఇదే మొదటిసారి.