మద్రాసు మ్యూజియానికి వెళ్లవలసిన డోలు

నర్సీపట్నం, 1925 మార్చి, గురువారం

ఈ రోజు ఇక్కడి ఇంగ్లీషు దొర మాట కాదన్నాను. మంచి పనే చేశాను.

ఫితూరీ, అదే తిరుగుబాటు, జరిగిన రోజుల్లో మన్యం నుంచి పట్టుకొచ్చిన సామాన్లను ఆయన మద్రాసు మ్యూజియానికి పంపుతున్నాడు. స్కూలు మాస్టర్ని కదా, వాటికి అంటించే చీటీలు రాసే పని నాకప్పగించాడు. అందులోని డోలుకు ‘తిరుగుబాటుదార్ల యుద్ధభేరి’ అని రాయమన్నాడు. ఏ ఊరిదో, ఎందుకు వాయించేవారో తెలియకుండా రాయనన్నాను.

అది చింతపల్లి కొండల్లో దొరికిందని బంట్రోతు చెప్పాడు. ఆ వైపు నుంచి సంతకు చింతపండు తెచ్చిన ముసలి దంపతులను పిలిచి చూపించాను. ముసలాయన చూస్తూనే డోలు మెడకు తగిలించుకుని వాయించాడు. ముసలమ్మ కాళ్లు వాటంతటవే కదిలాయి.

“యుద్దమేటి బాబూ! ఇది మా ఊరి పెళ్లిడోలు. నా పెళ్లికి ఇదే మోగింది, నా కూతురి పెళ్లికీ ఇదే,” అందామె. “వొచ్చే వారం మనవరాలి పెళ్లి. డోలు నేకుండా ఎలాగ సేత్తామో తెలీడం నేదు.”

చప్పుడు విని దొర వరండాలోకి వచ్చాడు. ఆమె చెప్పింది ఇంగ్లీషులో వినిపించాను. పెళ్లికి డోలు వాళ్లకిచ్చి, తిరిగి తెచ్చాకే మద్రాసు పంపుదామని, పూచీ నాదని చెప్పాను. సరేనన్నాడు.

చీటీ మీద వాళ్ల ఊరి పేరు, కింద ‘పెళ్లిడోలు’ అని రాశాను. వాళ్లు తిరిగి తేకపోతే ఉద్యోగం పోదా అని మా ఆవిడ భయం. తెస్తానని ముసలాయన మాటిచ్చాడు. తప్పక తెస్తాడు.

తెచ్చి ఇచ్చాక, ఆ ఊళ్లో తర్వాతి పెళ్లికి ఏం వాయిస్తారు? రేపు దొరను అదే అడగాలి...