కుర్మన్న పడవ సందుల్లో

మంగళవారం, సోమశిల

ఈ రోజు కృష్ణ నడిమధ్యలో కుర్మన్న పడవలోకి నీళ్లొచ్చాయి. కూలికి పోయే ఆడవాళ్లు సద్దిగిన్నెలతో నీళ్లు తోడిపోస్తూ ఎలాగో ఒడ్డు చేరారు.

పోయిన నెల ఆ పడవ బాగుచేసింది నేనే. తాత పలకలను తాళ్లతో కుట్టేవాడట. నాన్న మేకులు కొట్టి, సందుల్లో నూనె, గుగ్గిలం పట్టించిన పత్తి దిగగొట్టేవాడు. దానికి మూడు రోజులు పడుతుంది. నేను దుకాణంలో కొన్న లప్పం ఒక్క పూటలో పూసేశాను.

సాయంత్రం కుర్మన్న వచ్చి, "తప్పు నాదే అన్నా, మందిని ఎక్కువ ఎక్కించిన" అని ఏడ్చాడు. లప్పం సంగతి దాచి అతన్ని సాగనంపాను.

అతను వెళ్లాక నాన్న మంచం మీది నుంచి అడిగాడు. "సందులల్ల ఏం పెట్టినవ్ రా?"

"పత్తే నాయినా."

"గట్లయితే నీళ్లెట్ల వస్తయిరా?"

బయటి అరుగు మీదికొచ్చి ఇది రాస్తున్నాను. నాన్న ఇంకా నిద్రపోలేదు...