వస్తాను సార్

ఆగస్టు 8, గురువారం

చిరంజీవి గడుగ్గాయికి,

బాబాయి ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ పిన్నీ కులాసా. మీ పిన్నికి మోకాలి నొప్పి తగ్గింది, నోరు తగ్గలేదు. అన్నయ్యనూ వదిననూ అడిగానని చెప్పు.

నీ ఉత్తరం అందింది. మీ కోల్డ్ స్టోరేజీలో కొత్తగా చేరిన సూపర్‌వైజరు పచ్చి అబద్ధాలకోరనీ, అతని సంగతి మా పత్రికలో రాసి కడిగెయ్యమనీ అడిగావు. అది చదివి మీ పిన్ని, రాయండి మరి, ఊళ్ళోవాళ్ళందరి గురించీ రాస్తారు, సొంత అన్న కూతురికి రెండు ముక్కలు రాస్తే చెయ్యి అరిగిపోతుందా అంది. నేను రాయను. ఒక వైపు మాట విని వార్త రాసుకుని వెళ్తే మా ఎడిటరు నన్ను గుమ్మం ఎక్కనివ్వడు.

అయితే ఊరికే కూర్చోలేదు. నిన్న మీ గోదాముకు వెళ్ళాను. మిషను గది చూశాను, సూపర్‌వైజరును కలిశాను, వాచ్‌మన్‌తో మాట్లాడాను. మీ ఇద్దరూ కాదనని విషయాలు ఇవి. ఐస్‌క్రీం గదిలో పైపుల మీద మంచు పేరుకుంటే మిషను ఆపాలి, మంచు కరిగాక మళ్ళీ వెయ్యాలి. శనివారం మధ్యాహ్నం నువ్వు మిషను ఆపావు. అది కరిగేలోపు నీ డ్యూటీ అయిపోయింది. సూపర్‌వైజరుకు చెప్పి ఇంటికి వెళ్ళావు. మిషను మళ్ళీ ఎవరూ వెయ్యలేదు. సాయంత్రానికి ఐస్‌క్రీం కాస్తా తిరిగి పాలైంది.

తేలాల్సింది ఒక్కటే. నువ్వు విచారణాధికారికి ఇంగ్లీషులో రాసిచ్చిన కాగితంలో, నేను వెళ్తున్నానని ఆయనకు చెప్పాను అని ఉంది. ఆయన రాసిచ్చిన దాంట్లో, తాను వస్తానని ఆమె నాకు చెప్పింది అని ఉంది. నీది గో, ఆయనది కమ్. పంతొమ్మిదో తేదీ విచారణలో నీది అబద్ధమని తేలితే నీ ఉద్యోగం పోతుంది, ఆయనది అబద్ధమని తేలితే ఆయనది.

వాచ్‌మన్ ఇద్దరి మీదా చాడీలు చెప్పలేదు. అమ్మాయి మంచిదే బాబూ, సారూ మంచోడే, చెడిపోయింది ఐస్‌క్రీం ఒక్కటే అన్నాడు. ఆ మధ్యాహ్నం సారు ఏం చేశాడని అడిగాను. మిషను గది ముందు స్టూలేసుకుని గేటు వైపు చూస్తూ కూర్చున్నాడట. స్విచ్ ఎందుకు వెయ్యలేదంటే, నీలాంటి ఆపరేటరు తప్ప ఎవరూ ముట్టుకోరాదని పక్కనే బోర్డు ఉంది. రెండు టీలు తెప్పించాడట. ఒకటి తాగి, రెండో దాని మీద సాసరు మూసి పెట్టాడట. అబద్ధం ఆడబోయేవాడు దాని కోసం రెండో టీ తెప్పించడు.

కాబట్టి కోపం పక్కన పెట్టి నాకు ఒక్క జవాబు రాయి. ఆయనతో నువ్వు ఏ భాషలో, ఏ మాట అన్నావు? అర్థం రాయకు. నోట్లోంచి ఎలా వచ్చిందో అలాగే రాయి.

ఉంటాను,
బాబాయి


ఆగస్టు 14, బుధవారం

చిరంజీవి గడుగ్గాయికి,

బాబాయి ఆశీస్సులు. నీ జవాబులో విసుగు ఎక్కువున్నా విషయం ఉంది. మిషను ఆపాను సార్, మంచు కరిగాక వెయ్యాలి, వస్తాను సార్ అన్నావు. వస్తాను అంటే వెళ్తున్నానని చంటిపిల్లకు కూడా తెలుసు కదా బాబాయ్, పెద్దమనిషితో పోతున్నాను అంటానా అని నన్నే దెప్పావు. చంటిపిల్లకు తెలుసు. నిఘంటువుకు తెలియదు.

ఆఫీసులో పెద్దది తీసి చూశాను. కమ్ అనే మాటకు పేజీ నిండా అర్థాలున్నాయి. చేరుట, సమీపించుట, జరుగుట, పుట్టుట, చివరికి స్పృహలోకి వచ్చుట కూడా ఉంది. ఇంటికి వెళ్ళిపోవుట మాత్రం లేదు. మన మాట ఇంకా గడుసుది. నీకు ఈత వచ్చు, వంట రాదు. జ్వరం వస్తుంది, ఏడుపు వస్తుంది, కరెంటు వస్తుంది, ఏదీ కాళ్ళతో నడిచి రాదు. కాళ్ళతో నడిచి వెళ్ళిపోయే మనిషేమో వస్తానంటాడు. ఫోను పెట్టేసేవాడు ఉంటానంటాడు. మనకు ఇందులో వింతేమీ కనబడదు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన మీ సూపర్‌వైజరు మన భాషను పుస్తకం చూసి నేర్చుకుంటున్నాడు. ఆ పుస్తకంలో వచ్చుట అంటే కమ్, అంతే.

నువ్వు మంచు కరిగాక వెయ్యాలి అన్నావు, ఎవరు వెయ్యాలో చెప్పలేదు. ఆ మాట వెంటనే, వస్తాను అన్నావు. నువ్వే వచ్చి వేస్తావని ఆయన కూర్చున్నాడు. నంబరు లేక ఫోను చెయ్యలేదు.

విచారణలో ఆయన అబద్ధమాడాడు అనకు. నేను వెళ్తున్నానని చెప్పాను అని కూడా అనకు, నువ్వు ఆ మాట అనలేదు. ముందు అన్న మాట చెప్పు, తర్వాత దాని అర్థం చెప్పు. ఈ వరస తప్పితే నేనేమీ చెయ్యలేను.

పిన్ని, గొంతు తగ్గించి మాట్లాడమని చెప్పమంది. చెప్పేది ఎవరో చూడు.

ఉంటాను,
బాబాయి


ఆగస్టు 21, బుధవారం

చిరంజీవి గడుగ్గాయికి,

బాబాయి ఆశీస్సులు. నీ కబురు అందాక మనసు కుదుటపడింది. ఇద్దరి ఉద్యోగాలూ నిలిచాయి, ఇద్దరికీ చెరో చీవాటుతో సరిపెట్టారు. మిషను ఆపినవాళ్ళే మళ్ళీ వేసి డ్యూటీ దిగాలని రూలు పెట్టారన్నావు. ముందే పెట్టాల్సింది.

నువ్వు నోరు విప్పకముందే ఆయనే లేచి, వస్తాను అన్న మాట ఆమెది, అర్థం నాది అని చెప్పేశాడని రాశావు. పేపర్లో వేస్తానని బెదిరించావా బాబాయ్ అని అడిగావు. లేదు. అంతకంటే చిన్న పని చేశాను, కింద రాస్తున్నాను. అన్నయ్యకు చూపించు.

ఉంటాను,
బాబాయి

తా.క. మొదటి ఉత్తరం రాసేనాటికే నువ్వు ఏ మాట అని ఉంటావో నాకు తెలుసు. ముందే చెబితే నాకు కావలసిన జవాబే రాస్తావని చెప్పలేదు. గోదాముకు వెళ్ళిన రోజు ఆయన గదిలోంచి బయల్దేరుతూ అలవాటుగా వస్తానండీ అన్నాను. ఆయన నా కుర్చీ తుడిచి పక్కన పెట్టి, ఎంత సేపట్లో అని అడిగాడు. మళ్ళీ కూర్చుని విడమరిచి చెప్పాను. అప్పుడు ఆయన తనకు వచ్చిన తెలుగులోనే చెప్పాడు. రోజూ డ్యూటీ దిగేటప్పుడు అందరూ వస్తాం సార్ అంటారు, నేను చూస్తాను, ఒక్కరూ రారు, నేనంటే ఇష్టం లేదు అనుకున్నాను, పని నేర్పింది మీ అమ్మాయి ఒక్కతే, ఆమె అంటే వస్తుంది అనుకున్నాను అన్నాడు. విచారణలో తానే చెబుతానని అప్పుడే మాటిచ్చాడు.

గేటు దాకా వచ్చి సాగనంపాడు. ఇంత చెప్పీ నేను మళ్ళీ వస్తానండీ అనేశాను. ఏమనాలో అంతకుముందే నేర్పాను కాబట్టి, వెళ్ళి రండి అన్నాడు. రేపు డ్యూటీ దిగేటప్పుడు వస్తాను సార్ అనే అను. ముందు ఆయనతో ఒక టీ తాగు.